గాల్లో ఉండిపోయిన బంతి

టీవీలు కొత్తగా వస్తున్న ఆ రోజుల్లో, మా రాజోలు వైపు టీవీ ఉన్న ఇంటి తలుపు గడియ వేయడమంటే ఊరందరితోనూ విరోధం పెట్టుకోవడమే. మా పెదనాన్నగారింట్లో టీవీ ఉండేది. నేను వాళ్లింట్లోనే ఉంటూ ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా కొత్తగా చేరాను. ఇంటర్వ్యూలో హెడ్మాస్టరుగారు "బాస్కెట్‌బాల్ వచ్చునా అమ్మా?" అంటే, తల అడ్డంగా ఊపాల్సినదాన్ని నిలువుగా ఊపేశాను. (ఉద్యోగం లేని మెడ అటే వంగుతుంది.) అప్పటినుంచి ఒక పుస్తకంలో బొమ్మలు చూసి నేర్పుతున్నాను. బొమ్మల్లో బంతి కదలదు కదా, మా పిల్లలూ బంతి పట్టుకుని బొమ్మల్లాగే నిలబడేవారు. నిజం ఆట ఒక్కటైనా చూడకపోతే నా బండారం బయటపడుతుందని భయంగా ఉండేది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, టీవీలో జీతాలు తీసుకుని ఆడే అమెరికా జట్ల మ్యాచ్ వేశారు. చేపల పులుసు మత్తు, బయట కొబ్బరాకుల గలగల, తెర మీద సన్నటి చినుకుల్లాంటి గీతలు. ఆ గీతల వెనక తెల్ల బనీన్ల వాళ్లు, నల్ల బనీన్ల వాళ్లు నేలతో పనిలేనట్టు తేలిపోతున్నారు. నా పుస్తకంలో బొమ్మలన్నీ లేచి పరుగెత్తుతున్నాయి. కలో నిజమో తెలియనంత సంతోషం వేసింది నాకు. పెద్దమ్మ మాత్రం "వీళ్లిళ్లకి గుమ్మాలు ఎంతెత్తు పెట్టిస్తారే అమ్మాయ్?" అని బెంగపడింది.

చివరికి నల్ల బనీన్ల వాళ్లు ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. ఇంక మూడే సెకన్లు. ఒక పొడుగాయన గిరుక్కున తిరిగి, ఎగిరి, బుట్టకేసి బంతి వదిలాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో హెడ్మాస్టరుగారు.

పెద్దలొస్తే టీవీ కట్టేయడం మా ఇంటి మర్యాద. పెదనాన్నగారు లేచి టక్కున కట్టేశారు.

"అయ్యో, ఉంచండి, చూస్తున్నారు కదండి."

"అబ్బే, ఎప్పుడూ ఉండేదేనండి. కూర్చోండి."

"నేనొచ్చి పాడుచేసేనండి. పెట్టండి, పర్లేదు."

"ఆయ్, మీకంటే ఎక్కువాండి?"

ఇలా ఒకరిని మించి ఒకరు మర్యాదలు చేసుకుంటుండగా కాఫీ వచ్చింది. ముప్పావుగంట గడిచింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన వెళ్తూ, సైకిలు స్టాండు తీస్తూ నాతో మెల్లిగా అన్నారు: "మా టీవీలో బొమ్మ రావట్లేదమ్మా. ఈ ఆట చూద్దామనే వచ్చేను. బళ్లో బుట్టా, బోర్డూ పెట్టించేను గానీ, నేనూ ఎప్పుడూ చూళ్లేదు. ఇంతకీ పడిందా?"

"తెలీదండి," అన్నాను.

సోమవారం డ్రిల్లు పీరియడులో పిల్లలకి ఆ ఆటంతా ఎగిరి మరీ చూపించాను. మొదటిసారి మా పిల్లలు కదిలారు. ఒక పిల్ల "చివర్న పడిందాండి టీచరుగారూ?" అంది. "పడలేదు," అన్నాను. పక్కనే నిలబడ్డ హెడ్మాస్టరుగారు అదే క్షణంలో "పడిందమ్మా," అన్నారు. పిల్లలు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు.

"మీరన్నదే రైటండి," అన్నాను కంగారుగా.

"కాదమ్మా, నువ్వన్నదే," అన్నారాయన.

ఇప్పుడు ఫోన్లో ఎంత పాత ఆటైనా దొరుకుతుందట. నేను వెతకలేదు. వెతికితే మా ఇద్దరిలో ఒకరిది అబద్ధమైపోతుంది. మధ్యాహ్నం భోంచేసి కళ్లు మూసుకుంటే ఆ బంతి ఇంకా గాల్లోనే కనిపిస్తుంది. ఈ వయసులో నాకూ అది పడిందనే అనిపిస్తోంది. "మీరన్నదే రైటండి," అని నవ్వుకుంటాను. కాదమ్మా, నువ్వన్నదే అనడానికి ఆయన లేరు.