గోటి పరీక్ష

చక్రం పుట్టాక మానవజాతి వేసిన రెండో ముందడుగు, టైరును గోటితో నొక్కి చూడడమేనని టైర్ల కొట్టాయన ప్రగాఢ విశ్వాసం. ఇరవై రెండేళ్లుగా ఆయన కుడి బొటనవేలి పరీక్ష ఎదుర్కోకుండా ఏ టైరూ కొట్టు గడప దాటలేదు. గోరు దిగకపోతే "గట్టిది" అనేవాడు. దిగితే పెదవి విరిచేవాడు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. జనం ఆయన్ని గోరాయన అనేవారు. ఆయన దాన్ని బిరుదుగానే స్వీకరించాడు.

అంతటి గోటికి ఒక వానాకాలం పొద్దున కళంకం వచ్చింది. అక్క ఫోన్ చేసింది.

"నిన్న మీ బావ జీపు కొండదారిలో జారి గుంటలో పడిందిరా. చెయ్యి విరిగింది. కంగారేం లేదులే."

బావ పశువుల డాక్టరు. నాలుగు చక్రాలూ లాగే జీపులో కొండ మీది పల్లెలు తిరుగుతాడు. కిందటి నెల కొట్టుకొచ్చి, "గట్టి టైర్లు చూసివ్వవోయ్" అన్నాడు. గోటికి లొంగని నాలుగింటిని గోరాయన ఏరి, ట్రాలీ ఆటోలో ఎక్కించాడు. "ఆదివారం నేనే వచ్చి బిగిస్తాలే బావా" అని మర్యాదకో మాట కూడా అన్నాడు.

ఇప్పుడు అక్క ఊరి బస్సులో కూర్చున్నాక అసలు సంగతి తట్టింది. బావ అడిగిన గట్టికి అర్థం, నమ్ముకోదగ్గవని. తానిచ్చిన గట్టికి అర్థం, రాయిలాంటివని. అవి తారురోడ్డు మీద ఏళ్ల తరబడి అరగవు. తడిబండ మీద మాత్రం సబ్బుబిళ్లలే. కొండదారికి టైరు పక్కలు గట్టిగా, నేలను పట్టే భాగం మెత్తగా ఉండాలి. ఇది ఆయనకు తెలియనిది కాదు. దారి బురదదా, బండలదా అని ఒక్క ముక్క అడిగితే గుర్తొచ్చేదే. కానీ గోరుండగా నోరెందుకు?

దిగేదాకా బొటనవేలిని పిడికిట్లో దాచుకునే కూర్చున్నాడు.

బావ చేతికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. గోరాయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తప్పంతా నాదే బావా. ఆ టైర్లు నేనివ్వకుండా ఉండాల్సింది. తడిబండ మీద అవి పట్టవు."

"ఏ టైర్లోయ్?"

"నేను పంపినవి."

అక్క మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చింది. "అవా? వరండాలో ఉన్నాయిగా, చూళ్లేదూ? కవర్లు కూడా విప్పలేదు. వాటి మీద కూర్చునే చెప్పులేసుకుంటున్నాం."

గోరాయనకు ప్రాణం లేచొచ్చింది. విరిగిన చెయ్యి ఎదురుగా ఉండగా అలా లేచొచ్చినందుకు సిగ్గేసింది. అయినా గోటి పరువు దక్కిందన్న సంతోషం ఆగలేదు.

"మరి దేనితో వెళ్లారు?"

"పాతవాటితోనే. నున్నగా నా గుండులా ఉన్నాయి," అన్నాడు బావ. "మెకానిక్‌ను పిలుస్తానంటే మీ అక్క ఒప్పుకోలేదు."

"నువ్వొచ్చి బిగిస్తానన్నావు కదరా," అంది అక్క. "ఇంకొకళ్ల చేత పెట్టిస్తే నొచ్చుకుంటావని ఆగాం."

ఆయన ఆదివారం వస్తానని చెప్పాక నాలుగు ఆదివారాలు వెళ్లిపోయాయి.