నాలా మీద సార్ క్లాసు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో మాకు వంతెనల పాఠం చెప్పిన సార్‌ది గుంటూరు వైపు. ఏదైనా చేతులతో చూపించందే ఆయనకు తోచేది కాదు. వేళ్లు మెలేసి లాగి సాగడం చూపేవారు, అరచేతులు ఒత్తి నలగడం చూపేవారు. బస్సులో నిలబడి కూడా అలా ఒత్తుకుంటూ కనిపించేవారు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. ఒక మధ్యాహ్నం క్లాసు జరుగుతుండగానే బస్సులు ఆగిపోయాయి. సార్ ఇల్లు ఎల్‌బీ నగర్‌లో. ఆయన యాస విని ఎవరేమంటారోనని భయపడి, నల్లగొండ పిల్లలం కొందరం ఆయన వెంట నడిచాం.

"మీరేం మాట్లాడకుండ్రి సార్. ఎవరన్న అడిగితే మేం చెప్తం," అన్నాను.

ఆయన బుద్ధిగా తలూపారు. దారిలో నాలా మీది వంతెన నిండా జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు. సరిగ్గా వాళ్ల మధ్యకు వచ్చాక సార్ ఆగి, కిందికి చూపించారు.

"చూశారా? ఇంతమంది నుంచుంటే ఈ శ్లాబు పైభాగం నలుగుతుంది, అడుగుభాగం సాగుతుంది. సాగితే కాంక్రీటు పగులుతుంది, అందుకే ఇనుము అడుగున వేస్తాం."

నేను ఆయన చొక్కా పట్టి లాగాను. ఒకతను దగ్గరికొచ్చాడు.

"మరి పాత కమాన్ల వంతెనలల్ల ఇనుము లేదు గదా సార్? గవెట్ల నిలబడ్డయి?"

సార్ మొహం వెలిగిపోయింది. "కమానులో సాగే పని దాదాపు ఉండదు బాబూ, అంతా ఒత్తిడే. రాయి ఎంత ఒత్తినా ఓర్చుకుంటుంది."

మిగతావాళ్లూ చుట్టూ చేరారు. ఎండ మండిపోతోంది. అతను తన జెండాను సార్ తలమీద నీడగా పట్టి, "ఇంక చెప్పుండ్రి సార్," అన్నాడు.