లాజరస్ గారి ఫోను

గూడెం కొత్తవీధి లాజరస్ చనిపోయిన ఏడాదికి లేచి, కాఫీ రైతుల వాట్సాప్ గ్రూపులో వాదనలకు దిగాడు. ఒట్టేసి చెప్పమంటే మాత్రం కొంచెం తగ్గించి చెప్పాలి. మనిషి సమాధిలోనే ఉన్నాడు. లేచింది ఆయన ఫోను. నొక్కింది ఆయన భార్య అంతోనమ్మ.

మొదట ఆమె తన ఫోనులోంచే అడిగింది. కాఫీ మొక్కలకు కాండం తొలిచే పురుగు పట్టి నిలువునా ఎండిపోతున్నాయి. ఆ తోట పోతే ఆమెకు తిండి లేదు. ఫొటో పెట్టి, "ఏటి సెయ్యాలి బాబూ?" అని రాసింది. జవాబుగా రెండు దండాల బొమ్మలు, ఒక గులాబీ బొమ్మ వచ్చాయి. "ఇంట్లో మగవాళ్ళుంటే గ్రూపులో చేర్చండి అమ్మా" అని శివప్రసాద్ అనే కుర్రాడు రాశాడు.

ఇంట్లో మగాడు గోడ మీద దండ వేసుకుని ఉన్నాడు. ఆయన నంబరు గ్రూపులో ఇంకా ఉంది. ఆయన పోయిన సంగతి ఎక్కడో ఉన్న ముంచింగిపుట్టు వాళ్ళకీ, డొంకరాయి వాళ్ళకీ ఏం తెలుసు? ఆమె ఆ ఫోను ఛార్జింగు పెట్టి అదే ఫొటో, అదే ప్రశ్న పంపింది.

"నమస్తే లాజరస్ గారూ. పురుగు పట్టిన మొక్కల్ని వేళ్ళతో సహా పీకి తగలబెట్టండి సార్" అని శివప్రసాదే వెంటనే రాశాడు.

అలాగే చేసింది. ఆ తరవాత ఊరుకోలేకపోయింది. బతికుండగా నలుగురిలో నోరు విప్పని లాజరస్ ఇప్పుడు నీడచెట్ల గురించి జోకులు వేశాడు, పెద్దరికంగా గదమాయించాడు.

"ఏటత్తా, ఒక్కదానివే నవ్వుకుంతన్నావు?" అంది వరసకు కోడలైన పక్కింటి డాలీ.

"మీ మావ ఈమద్దెన బాగా మాటాడతన్నాడే."

నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. అంతోనమ్మ సమాధికి సున్నం కొట్టించి, కొవ్వొత్తులు వెలిగించి, ఆయన ఫోనుతోనే ఫొటో తీసింది. చర్చి గ్రూపులో పెట్టబోయి కాఫీ గ్రూపులో పెట్టేసింది. సిలువ మీద పేరు, పోయిన తేదీ స్పష్టంగా ఉన్నాయి. లాజరస్ గారు తన సమాధిని తానే పంపించుకున్నట్టయింది. సాయంత్రానికి ఆయన నంబరును తీసేశారు.

ఆ వారమే మిగిలిన మొక్కల బెరడు కూడా అక్కడక్కడా ఉబ్బింది. పురుగో, మరేదో. అనుమానం మీద పీకెయ్యడానికి మనసొప్పలేదు, అవి ఆయన తన చేతులతో నాటినవి. తన ఫోను తీసి, "ఇన్నాళ్లూ అడిగింది నేనే. ఇవి కూడా పీకీమంతారా?" అని రాసింది.

"ధైర్యంగా ఉండండి అమ్మా. సార్ లాంటి మనిషి మళ్ళీ పుట్టరు" అన్నాడు శివప్రసాద్. వెనకే దండాలు, గులాబీలు. ఆమె మళ్ళీ అడిగింది. మళ్ళీ గులాబీలే. జవాబు కోసం పురుగు ఆగలేదు.

ఇప్పుడు ఆ వాలులో నీడచెట్లు తప్ప ఏమీ లేవు. ఇదంతా నిజమేనా అని అడిగినవాళ్ళకి అంతోనమ్మ వాళ్ళ వైపు మొహం తిప్పకుండానే చెబుతుంది.

"ఎవులు సెప్పారీ కత? మా తోటకి పురుగే పట్నేదు. నాకు ఫోను నొక్కడమే రాదు."