తొట్టికి జ్వరం

హూడిలో మా బాల్కనీలోని ఎరువు తొట్టి మూత తీయగానే వెచ్చటి ఆవిరి ముఖానికి తగిలింది.

నాకు ఆరేళ్లప్పుడు తమ్ముడికి జ్వరం ఎంతకీ తగ్గలేదు. వాడి నుదురు తాకి కళ్లు తుడుచుకున్న అవ్వ, మిద్దెపైన కూరగాయల తొక్కులు మాగేసిన తొట్టిలో అదే చెయ్యి పెట్టి నవ్వింది.

"బాగా కాగుతా ఉండాదప్పా!"

నాకు ఒళ్లు మండింది. తమ్ముడి నుదుటి మీద వేసినట్టే తొట్టి మీద తడిగుడ్డ పరిచాను. చాలదనిపించి రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించాను.

రెండోరోజుకి తొట్టి చల్లబడి, కంపు కొట్టింది.

"దీనికి తగ్గిపోయిందవ్వా," అన్నాను భయంగానే.

అవ్వ తొట్టిలో చెయ్యి పెట్టి చూసింది.

"కాగితేనే అది ఎరువయ్యేది. పోనీలేప్పా, మళ్లీ కాగుతాది. పిల్లోడికి జరం దిగింది, అది చాలు."

ఇప్పుడు తొట్టి కాగితే నాకూ సంతోషమే. అయినా చెయ్యి కడుక్కుని, ముందు లోపలికెళ్లి మా పాప నుదురు తాకి చూస్తాను.