మట్టి తేనెటీగలూ, నా ప్లంబింగూ

మా ఇంట్లో ఏది కారినా నేను ప్లంబర్‌ని పిలవను. పనిమంతుల్ని శ్రమపెట్టడం నాకిష్టం ఉండదు. ఈ మంచితనం వల్లే మొన్న శనివారం మా మంచం తడిసింది, మా ఆవిడ సునీత నాతో మాట్లాడ్డం మానేసింది.

బాచుపల్లిలో మాది గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్. బెడ్రూం గోడకి చెమ్మ. కారణం వెతుకుతూ వెనక్కి వెళ్తే, ఏసీ నీళ్లు కారే తడినేలలో చొక్కా గుండీ దూరేంత కన్నాలు! ఒక్కోదాని చుట్టూ బుల్లి మట్టి గట్టు. దొరికింది! నీళ్లు ఇందులోంచే పునాదిలోకి పోతున్నాయి! హైటెక్ సిటీలో పదేళ్లుగా బగ్స్ వెతుకుతున్నవాణ్ణి, నాకు తెలీదా?

ఎటు పోతున్నాయో తేలుద్దామని ఒక కన్నంలో హోస్ పెట్టి కుళాయి తిప్పాను. పక్క కన్నాల్లోంచి జుయ్యిమంటూ చిన్న తేనెటీగలు! కెవ్వుమని బెడ్రూంలోకి పరుగెత్తాను. బాగానే పరుగెత్తాను. హోస్ మాత్రం చేతిలోనే ఉండిపోయింది. అంతవరకు చెమ్మ ఒక్క గోడకే.

తోటపని చేసే యాదమ్మ వచ్చి కుళాయి బంద్ చేసింది.

"ఏంది సార్, గిట్ల జేస్తిరి? గవి కుట్టవు. మేడం గుమ్మడిపూల మీద తిరిగేటివి గివే!"

సునీత మొహం మాడిపోయింది. ఆ పాదుకి వచ్చిన పిందెలన్నీ రాలిపోగా, ఈ మధ్యే రెండు నిలిచాయి.

"అవి పోయాయో, రేపట్నుంచి పూల మీద మీరే వాలండి!" అంది. ఆ రోజుకి అదే ఆఖరి మాట.

యాదమ్మ గట్టు పక్కన విరిగిన మట్టిపెళ్ల తీసి చూపించింది. లోపల శనగగింజ పట్టేంత గది. వార్నిష్ వేసినట్టు మెరిసే గోడలు, మధ్యలో పసుపు పుప్పొడి ముద్ద. చుట్టూ బురద, లోపల పొడి పొడి!

"పిల్లల కోసం గట్ల పూత పూస్తయి సార్. నీళ్లు లోపలికి పోవు. పరేషాన్ గాకుండ్రి," అంటూ పెళ్లని మళ్లీ అక్కడే మెల్లగా అదిమింది.

నేను మూడుసార్లు వాటర్‌ప్రూఫింగ్ చేసిన మా గోడ గుర్తొచ్చింది.

సోమవారం పొద్దున టీమ్ కాల్‌లో ఉండగా సునీత కిటికీలోంచి ఒకటే కేక: "ఏవండీ! వచ్చేశాయి! మళ్లీ గట్లు కట్టేస్తున్నాయి! పువ్వులో కూడా ఒకటుంది!"

నేను మ్యూట్‌లో లేను.

"ఎవరొచ్చారు బ్రో?" అన్నారు టీమ్ వాళ్లు.

"వాటర్‌ప్రూఫింగ్ వాళ్లు," అన్నాను.

చెమ్మకి కారణం తర్వాత తేలింది: గోడకి అవతల బాత్రూమ్ కుళాయి జాయింటు. బిగించింది నేనే. చివరికి ప్లంబర్‌ని పిలిచాం. ఆయన పని చేస్తున్నంతసేపూ పక్కనే నిలబడి చూశాను. అయినా సరే, కుళాయి మరల మీద తెల్ల టేపు ఏ వైపు తిప్పి చుట్టాలో నాకింకా రాలేదు.