చెప్పు ముక్కతో చేసిన మిడత

మా చిన్నప్పుడు... ఆగస్టు శనివారాల్లో సరిగ్గా తొమ్మిదింటికి మా ఇల్లు ఎక్కడిదక్కడ ఆగిపోయేది. గాలం కర్రతో నేను, కారు తాళాలతో నాన్న, ఇద్దరం గుమ్మం లోపలే నిలబడిపోయేవాళ్ళం. ఇండియన్ స్టోర్ వాళ్ళిచ్చిన క్యాలెండర్ ముందు అమ్మ!

"పదిన్నర దాకా రాహుకాలం. కూర్చుని టిఫిన్ తినండి."

తొమ్మిదిలోపే బయల్దేరొచ్చుగా అంటారేమో... శుక్రవారం రాత్రంతా ఆఫీస్ కాల్స్‌లో ఉండే మా నాన్న ఎనిమిదిన్నరకి కళ్ళు తెరిస్తే గొప్ప.

అప్పుడు మేం మిషిగన్‌లో, ట్రాయ్‌లో ఉండేవాళ్ళం. అరగంట దూరంలో ట్రౌట్ చేపలుండే చల్లటి ఏరు. నాకు పదకొండేళ్ళు. సమ్మర్ క్యాంప్‌లో ఫ్లై ఫిషింగ్ నేర్పించారు. అందులో ఎర గుచ్చరు. గాలం ముల్లుకి పురుగులా కట్టిన బొమ్మని నీళ్ళమీద వాలేలా విసరాలి. ఇక నాకు అదే పిచ్చి.

మేమేమో గుడ్డు కూడా ముట్టని వాళ్ళం. "తిననివాళ్ళకి చేపలెందుకే?" అనేది అమ్మ. పట్టి వదిలేస్తామంటే ఇంకా ఒళ్ళు మండేది ఆవిడకి.

వేసవి చివర్లో గట్టుమీది మిడతలు నీళ్ళలో పడుతుంటాయి. ట్రౌట్ వాటికోసం కాచుకుని ఉంటుంది. అందుకని నేనూ ఓ మిడతని చేశాను. నాన్న హవాయి చెప్పు మడమ దగ్గర ఓ ముక్క కోసి, అమ్మ చీరలకి ఫాల్ కుట్టే ఆకుపచ్చ దారం చుట్టి, రబ్బరు బ్యాండ్‌తో కాళ్ళు పెట్టాను. నాన్న ఆ నెలంతా కోసిన చెప్పుతోనే ఇంట్లో తిరిగారు పాపం.

నెలాఖరుకి నాన్న ప్రాజెక్ట్ అయిపోతుంది. డల్లాస్ వెళ్ళిపోవాలి. ఆ లోపల నా మిడతతో ఒక్క ట్రౌట్... ఒక్కటంటే ఒక్కటి పట్టి తీరాలని పంతం పట్టాను.

ఏటి దగ్గర ఒక రిటైరైన పెద్దాయన ఉండేవాడు. టోపీ నిండా ఇలాంటి పురుగు బొమ్మలే గుచ్చుకునేవాడు. టోపీ తాత అని పేరు పెట్టుకున్నాం. మొదటి శనివారం మేం వెళ్ళేసరికి పదకొండు. ఆయన దారం కట్టిన థర్మామీటర్ నీళ్ళలో ముంచి తల అడ్డంగా ఊపాడు. డెబ్బై డిగ్రీల ఫారెన్‌హీట్! అరవై ఎనిమిది దాటితే పట్టకూడదట. వేడి నీళ్ళలో వాటికి ఊపిరాడదు, పట్టి వదిలినా బతకవు అన్నాడు. పొద్దున్నే రమ్మన్నాడు.

మూడు శనివారాలూ అదే తంతు. మూడోసారి ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. "అంతా నీ రాహుకాలం వల్లే!" అమ్మ క్యాలెండర్ వంక చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది ఒక్క శనివారం. సోమవారం సామాన్లకి ట్రక్ వస్తుంది. నాలుగున్నరకి అలారం పెట్టుకున్నాను. నాన్న లేవకపోతే కాలు పట్టుకుని ఈడ్చాలని నిర్ణయం!

లేచి చూస్తే వంటింట్లో లైటు వెలుగుతోంది. అమ్మ పులిహోర డబ్బాకి మూత పెడుతోంది. నాన్న సగం కళ్ళతో కాఫీ తాగుతున్నారు.

"తొమ్మిదిలోపు అయిపోవాలిగా... పదండి, నేనూ వస్తా" అంది అమ్మ.

ఏటిమీద పొగమంచు. తాత థర్మామీటర్ అరవై మూడు చూపించింది. విసిరాను. చెట్టుకొమ్మకి తగులుకుంది. మళ్ళీ విసిరాను. మళ్ళీ కొమ్మే. "చెట్టుమీద చేపలుంటాయటే?" అని అమ్మ నవ్వు. రెండు గంటలు విసిరాను. భుజం లాగేస్తోంది. అరవై ఐదు... అరవై ఏడు... అమ్మ వాచీ చూసుకుంటోంది, తాత థర్మామీటర్ చూసుకుంటున్నాడు. నేను మాత్రం నా మిడత మీంచి చూపు తిప్పలేదు.

గుభుక్కుమంది. మిడత లేదు!

జానెడు చేప. ఒంటినిండా ఎర్ర చుక్కలు. తాత చెప్పినట్టు మిడతని ఊడదీసి, నీళ్ళలోనే, ప్రవాహానికి ఎదురుగా పట్టుకున్నాను. కానీ వదలబుద్ధి కాలేదు. మళ్ళీ ఈ ఏటికి ఎప్పుడొస్తానో... ఏడుపొచ్చేసింది.

అమ్మ చుడీదార్ తడుస్తున్నా నా పక్కన కూర్చుంది.

"వదిలెయ్ తల్లీ... మనమెలాగూ ఇల్లు ఖాళీ చేస్తున్నాం. దాన్నైనా దాని ఇంట్లో ఉండనీ."

చెయ్యి విప్పాను. తోక ఒక్కసారి విదిలించి వెళ్ళిపోయింది. తాత మళ్ళీ కొలిచాడు. అరవై ఎనిమిది. ఎవరూ చెప్పకుండానే దారం చుట్టేశాను.

ఆ మిడత ఇప్పటికీ నా దగ్గరుంది. ఇప్పుడు ఏటి నీళ్ళ వేడి ఫోన్‌లోనే కనిపిస్తుంది. ఆగస్టు శనివారాల్లో డల్లాస్‌లో కూర్చుని చూస్తుంటాను. పోయినేడు తెల్లారి ఐదింటికి చూసినా అరవై తొమ్మిది... అమ్మ ఎంత పెందలాడే లేపినా ఇక లాభం లేదు.

మీ పంతం కోసం మీ అమ్మ తన పట్టింపు వదలకుండానే దారి వెతికిన రోజు ఏదైనా ఉందా? కింద రాయండి... చదువుతాను.