దొరవారి మెడ మీద జెర్రి

కొండ మీది ఇవదాని కోటలో, యోధుల రివాజు ప్రకారం దొరవారికి రోజూ నడినెత్తి గొరిగే పని కిహచిది. ఊళ్ళో ఎదురైనవాడల్లా "ఏం కిహచీ, దొరవారి తలకాయ నీ చేతిలోనే ఉందిగా!" అని వేళాకోళం చేసేవాడు. పాపం, కిహచి పైకి నవ్వేసి గబగబా అడుగులేసేవాడు. అతనికి ముందున్న మంగలి దొరవారి చెవి వెనక చిన్న గాటు పెట్టాడు. ఆ మనిషి మళ్ళీ కొండ దిగి రాలేదు.

కొలువు కట్టుబాట్లు అలాంటివి మరి. మన ఊపిరి దొరవారికి తగలకూడదని పెదాల మధ్య మడిచిన కాగితం పెట్టుకోవాలి. అనుమతి లేకుండా ఆయన మెడ మీద చెయ్యి వెయ్యకూడదు. కిహచి వీపు వెనక అంగరక్షకుడు హన్నోజో, కత్తి పిడి పట్టుకునే కూర్చుంటాడు. "నీ తల నీకు బరువైన రోజు చెప్పరా, దించేస్తా," అనేవాడు. అదీ వాడి సరసం!

వానాకాలం, ఓ పొద్దున. పని సగంలో ఉండగా దొరవారి అంగీ మెడపట్టీలోంచి జెర్రి బయటికొచ్చింది. జానెడు జెర్రి. కిహచికి పైప్రాణాలు పైనే పోయాయి. అరుద్దామంటే నోట్లో కాగితం. విదిలిద్దామంటే, మంగలికత్తి పట్టుకుని ఒక్క విసురు విసిరితే హన్నోజో ఊరుకుంటాడా? పోనీలే అనుకుంటే, అది కుట్టగానే దొరవారు ఉలిక్కిపడతారు, కత్తి దిగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏం చేస్తాడు చెప్పండి!

ఎడమచెయ్యి మెల్లగా జరిపి జెర్రికి వేలు అడ్డం పెట్టాడు. కుట్టేసింది. నిప్పు ముట్టుకున్నట్టు మండింది. కళ్ళనీళ్ళు కారుతున్నా కుడిచెయ్యి కదలనివ్వకుండా, జెర్రిని గుప్పిట్లో నలిపేశాడు. అప్పుడు చూశాడు, దొరవారి మెడ మీద రోమాలన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఆయనకీ తెలుసన్నమాట! మంగలికత్తికి జడిసి కదలకుండా కూర్చున్నాడు, అంతటి దొర.

పనయ్యాక దొరవారు హన్నోజోను బయటికి పంపారు.

"నేను భయపడ్డానా?"

"అయ్యో, లేదు దొరా."

"భయపడ్డానని ఊళ్ళో ఎవరు అన్నా సరే, నువ్వే చెప్పావనుకుంటాను. రేపు పెందలాడే రా."

ఇంటికొచ్చేసరికి చెయ్యి బూరెలా పొంగింది. భార్య ఒసెన్ అడిగితే వేడినీళ్ళు ఒలికాయన్నాడు. ఆవిడ ఆ చెయ్యి వెలుతురులోకి తిప్పి చూసింది.

"వేడినీళ్ళకి బొబ్బలొస్తాయి గానీ, పక్కపక్కనే రెండు కాట్లు పడతాయిటయ్యా? జెర్రి కుట్టిందని చెప్పడానికి నీకేం రోగం?" అని కసిరి, అతని మొహం చూసి ఆగిపోయింది.

కిహచి ఇక ఆపుకోలేక నోరు తెరవబోయాడు. ఒసెన్ గబుక్కున అరచేత్తో ఆ నోరు మూసేసింది.

"వద్దు, చెప్పకు. నాకు భయమేస్తోంది," అంది.

ఇంతలో పొరుగావిడ గుమ్మంలోకొచ్చి ఏమైందేమైందని ఆరా తీసింది.

"ఏముందమ్మా," అంది ఒసెన్, "మా ఆయన వేడినీళ్ళు ఒంపుకున్నాడు."